భారతదేశంలో పౌర విమానయానం: విస్తరణ, భద్రతా పర్యవేక్షణ

సైనిక అవసరాలకు కాక ఇతర అవసరాలకు జరిగే విమాన రాకపోకలన్నిటినీ కలిపి పౌర విమానయానం అంటారు. ప్రయాణికుల విమానాలు, సరుకు విమానాలు, అద్దె హెలికాప్టర్లు, శిక్షణ విమానాలు, డ్రోన్లు దీని కిందికి వస్తాయి. ఈ రంగంలో పనిచేసే సంస్థలు, సిబ్బంది, యంత్రాలు నిర్ణీత ప్రమాణాల ప్రకారం ఉన్నాయో లేదో ప్రభుత్వం పరీక్షిస్తుంది. ఉంటే అనుమతి ఇస్తుంది. ఆ తరువాత కూడా తనిఖీలు చేస్తూ, లోపాలను సరిదిద్దిస్తుంది. ఈ మొత్తం వ్యవస్థకే భద్రతా పర్యవేక్షణ అని పేరు.

తెలుగులో ‘భద్రత’ అనే మాట రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. యంత్రలోపం, మానవ తప్పిదం, వాతావరణం వంటి కారణాలతో ప్రమాదం జరగకుండా చూసుకోవడం మొదటిది. హైజాకింగ్, బాంబు కుట్ర వంటి ఉద్దేశపూర్వక చర్యల నుంచి కాపాడటం రెండోది. ఈ రెండింటికీ వేర్వేరు నిబంధనలు, వేర్వేరు సంస్థలు ఉన్నాయి. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి అర్థానికి సంబంధించినది.

దేశీయ విమాన ప్రయాణికుల సంఖ్యలో అమెరికా, చైనాల తరువాత మూడో స్థానం భారతదేశానిది. వర్ధమాన దేశంలో విమానయానం వేగంగా పెరిగేటప్పుడు పర్యవేక్షణ వ్యవస్థ ఆ వేగాన్ని ఎలా అందుకుంటుంది, ఎక్కడ వెనకబడుతుంది అన్న ప్రశ్నలకు భారతదేశ అనుభవం విస్తృతమైన ఉదాహరణ.

చరిత్ర

*తొలి దశ (1911–1953)*

1911 ఫిబ్రవరి 18న హెన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు అలహాబాదు నుంచి యమున దాటి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలను విమానంలో చేరవేశాడు. ప్రపంచంలో అధికారికంగా జరిగిన తొలి విమాన టపా ఇదే. 1927లో పౌర విమానయాన శాఖ ఏర్పడింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా విమానం నడపడంతో దేశీయ వాణిజ్య విమానయానం మొదలైంది. ఈ విమానం నడిపిన టాటా సంస్థ 1946లో ఎయిర్ ఇండియాగా మారింది. 1948 జూన్ 8న దాని అనుబంధ సంస్థ ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ బొంబాయి–లండన్ సర్వీసు ప్రారంభించింది.

హైదరాబాదు సంస్థానంలో 1945లో నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. బేగంపేట దీని కేంద్రం. వాణిజ్య విమానం నడిపిన తొలి భారతీయ మహిళగా గుర్తింపు పొందిన ప్రేమ్ మాథుర్ ఈ సంస్థలోనే పైలట్‌గా చేరారు.

*జాతీయకరణ (1953–1990)*

1953లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం వచ్చింది. డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది దేశీయ సంస్థలను విలీనం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేశారు. విదేశీ మార్గాలను ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు అప్పగించారు. చిన్న పట్టణాల కోసం 1981లో వాయుదూత్ వచ్చింది. ఈ కాలంలో విమానయాన సంస్థల యజమాని, నియంత్రణ సంస్థకు పైఅధికారి కూడా ప్రభుత్వమే. తనిఖీ చేసేవారికీ తనిఖీకి లోబడేవారికీ మధ్య ఉండవలసిన ఎడం అప్పట్లో తక్కువ.

*సరళీకరణ, చౌక విమానాలు (1990–2016)*

1990 దశకం ఆరంభంలో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరుచుకున్నాయి. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టాన్ని రద్దు చేశారు. ఆ దశలో పుట్టిన ఈస్ట్‌వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్ కొద్ది ఏళ్లకే మూతబడగా జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ వరకు నిలిచింది. 2003లో కెప్టెన్ జి.ఆర్. గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్‌తో చౌక టికెట్ల యుగం ఆరంభమైంది. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో రంగంలోకి దిగాయి. విమానాశ్రయాల్లోనూ ప్రైవేటు భాగస్వామ్యం పెరిగింది. 2006లో ఢిల్లీ, ముంబయి విమానాశ్రయాలు ప్రైవేటు నిర్వహణలోకి వెళ్లాయి. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలైంది.

*ప్రాంతీయ విస్తరణ (2016 నుంచి)*

పూసపాటి అశోక్ గజపతిరాజు కేంద్ర మంత్రిగా ఉండగా 2016 జూన్‌లో జాతీయ పౌర విమానయాన విధానాన్ని ప్రకటించారు. విదేశాలకు విమానాలు నడపాలంటే ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉండాలన్న పాత షరతులో అనుభవం నిబంధనను తొలగించారు. ఈ విధానంలో భాగంగానే ప్రాంతీయ విమాన సర్వీసుల కోసం ‘ఉడాన్’ పథకం రూపుదిద్దుకుంది. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వెళ్లింది. దీంతో విమానయాన సంస్థల నిర్వహణలో కేంద్రం పాత్ర చాలావరకు తగ్గి, నియంత్రణ పాత్ర ముందుకు వచ్చింది.

విస్తరణ స్వరూపం

*ప్రయాణికులు*

దేశీయ మార్గాల్లో 2019లో సుమారు 14.4 కోట్ల మంది ప్రయాణించారు. కొవిడ్ కారణంగా 2020లో ఈ సంఖ్య 6.3 కోట్లకు పడిపోయింది. 2023లో 15.2 కోట్లకు, 2024లో 16.1 కోట్లకు చేరి పాత స్థాయిని దాటింది.

*విమానాలు, సంస్థలు*

2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో విలీనమైంది. ప్రస్తుతం దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఇండిగోలోనే ప్రయాణిస్తున్నారు. ఎయిర్ ఇండియా బృందాన్ని కూడా కలిపితే రెండు సంస్థల చేతిలోనే మార్కెట్‌లో అత్యధిక భాగం ఉంది. కింగ్‌ఫిషర్ 2012లో, గో ఫస్ట్ 2023లో కార్యకలాపాలు నిలిపివేశాయి. విమాన ఇంధనం ధర, డాలర్లలో చెల్లించవలసిన అద్దెలు, ఇంజిన్ల కొరత వంటివి ఈ రంగంలో సంస్థలు కుప్పకూలడానికి తరచుగా కనిపించే కారణాలు.

*విమానాశ్రయాలు, ఉడాన్ పథకం*

2014లో 74గా ఉన్న వినియోగంలోని విమానాశ్రయాలు పదేళ్లలో రెట్టింపు దాటాయి. ఇందులో ఉడాన్ పాత్ర పెద్దది. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధరను రూ. 2,500కు పరిమితం చేసి, సంస్థకు వచ్చే నష్టాన్ని మూడేళ్లపాటు ప్రభుత్వం భర్తీ చేయడం ఈ పథకం సూత్రం. అందుకు అవసరమైన నిధిని ప్రధాన మార్గాల్లో తిరిగే విమానాలపై వేసే రుసుము నుంచి సమకూరుస్తారు. రాష్ట్రాలు కూడా కొంత వాటా భరిస్తాయి.

తొలి విమానాలు 2017 ఏప్రిల్ 27న బయలుదేరాయి. సిమ్లా–ఢిల్లీతోపాటు కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు సర్వీసులు ఆ రోజే మొదలయ్యాయి. పథకం మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023 నివేదిక తేల్చింది. మొదలైన 371 మార్గాల్లో మూడేళ్లు పూర్తి చేసినవి 112 మాత్రమే.

తెలుగు రాష్ట్రాలు

తెలంగాణలో షెడ్యూల్డ్ విమానాలన్నీ శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచే నడుస్తున్నాయి. కరీంనగర్, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకూ, అమెరికాలోని తెలుగువారికీ ఇదే ప్రధాన ద్వారం. వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, విజయవాడ (గన్నవరం), తిరుపతి (రేణిగుంట), రాజమహేంద్రవరం (మధురపూడి), కడప, కర్నూలు (ఓర్వకల్లు) విమానాశ్రయాలున్నాయి. ఓర్వకల్లు 2021 మార్చిలో ప్రారంభమైంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగాలో భాగం కావడంతో పౌర విమానాల కోసం భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయాన్ని చేపట్టారు.

పర్యవేక్షణకు తోడ్పడే శిక్షణ, నిర్వహణ సంస్థలు కూడా హైదరాబాదులో ఉన్నాయి. బేగంపేటలో విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు చెందిన శిక్షణ కేంద్రం, పరిశోధన సంస్థ ఉన్నాయి. శంషాబాదులో విమానాల మరమ్మతు కేంద్రం పనిచేస్తోంది. 2025 నవంబరులో అక్కడే లీప్ రకం ఇంజిన్ల మరమ్మతు కోసం సాఫ్రాన్ సంస్థ కేంద్రం ప్రారంభమైంది.

చట్టాలు, సంస్థలు

*అంతర్జాతీయ ఆధారం*

1944 డిసెంబరు 7న కుదిరిన షికాగో ఒప్పందం ప్రపంచ పౌర విమానయానానికి పునాది. దీని అమలును ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ అయిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ చూస్తుంది. దీన్ని సంక్షిప్తంగా ఐకావో అంటారు. ఒప్పందానికి 19 అనుబంధాలు ఉన్నాయి. పైలట్ల లైసెన్సులు మొదటి అనుబంధంలో, ప్రమాద దర్యాప్తు 13వ అనుబంధంలో, భద్రతా నిర్వహణ 19వ అనుబంధంలో ఉంటాయి. ఈ ప్రమాణాలను సభ్యదేశాలు తమ చట్టాల్లోకి తెచ్చుకోవాలి.

*దేశీయ చట్టాలు*

1934 విమాన చట్టం, 1937 విమాన నిబంధనలు దశాబ్దాలపాటు ఈ రంగానికి ఆధారంగా నిలిచాయి. 2020 సవరణతో మూడు కేంద్ర సంస్థలకు (కింద వివరించిన డీజీసీఏ, బీసీఏఎస్, ఏఏఐబీలకు) చట్టబద్ధత వచ్చింది. గరిష్ఠ జరిమానా రూ. 10 లక్షల నుంచి రూ. 1 కోటికి పెరిగింది. 1934 చట్టం స్థానంలో తెచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పైలట్లకు కావలసిన రేడియో టెలిఫోన్ లైసెన్సు జారీ టెలికాం శాఖ నుంచి విమానయాన నియంత్రణ సంస్థకు మారడం ఈ చట్టం తెచ్చిన మార్పుల్లో ఒకటి. డ్రోన్లకు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి.

*ప్రధాన సంస్థలు*

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ): భద్రతా నియంత్రణ సంస్థ. లైసెన్సులు, ధ్రువీకరణలు, తనిఖీలు, చర్యలు దీని బాధ్యత.

పౌర విమానయాన భద్రతా బ్యూరో (బీసీఏఎస్): ఉద్దేశపూర్వక దాడుల నుంచి రక్షణకు సంబంధించిన సంస్థ. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా ‘కనిష్క’ విమానం బాంబు పేలుడుకు గురై 329 మంది మరణించిన తరువాత, 1987లో దీన్ని స్వతంత్ర విభాగంగా వేరుచేశారు.

విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో (ఏఏఐబీ): 2012 జులైలో ఏర్పడింది (చూ. ప్రమాద దర్యాప్తు).

భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ (ఏఏఐ): 1995 ఏప్రిల్ 1న ఏర్పడింది. విమానాశ్రయాలను నిర్వహిస్తుంది. ప్రైవేటు విమానాశ్రయాలతో సహా దేశ గగనతలంలో పౌర విమానాల నియంత్రణ ప్రధానంగా దీని సిబ్బందిదే.

విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ: పెద్ద విమానాశ్రయాల్లో రుసుములు నిర్ణయిస్తుంది. భద్రతా ప్రమాణాలతో దీనికి నేరుగా సంబంధం లేదు.

పర్యవేక్షణ రకాలు, పనితీరు

*సిబ్బంది లైసెన్సులు*

వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీస వయసు 18 ఏళ్లు, కనీసం 200 గంటల విమానం నడిపిన అనుభవం, వైద్య పరీక్ష, రాత పరీక్షలు అవసరం. కెప్టెన్ కావడానికి అవసరమైన లైసెన్సుకు 1,500 గంటల అనుభవం ఉండాలి. లైసెన్సు వచ్చిన తరువాత కూడా సిమ్యులేటర్‌లో ఇంజిన్ ఆగిపోవడం, మంటలు రావడం వంటి పరిస్థితులు కల్పించి పైలట్లను నిర్ణీత కాలానికి మళ్లీ మళ్లీ పరీక్షిస్తారు. నిర్వహణ ఇంజినీర్లకు, గగనతల నియంత్రకులకు విడిగా లైసెన్సులు ఉంటాయి. విధులు మొదలుపెట్టే ముందు పైలట్లకు శ్వాస పరీక్ష జరుగుతుంది. విమానం ఎక్కడానికి ముందు 12 గంటల్లో మద్యం తాగడం నిషేధం.

*విమాన యోగ్యత*

ప్రతి విమానానికీ రిజిస్ట్రేషన్, ఎగరడానికి యోగ్యమని తెలిపే ధ్రువపత్రం ఉండాలి. మరమ్మతు కేంద్రాలకూ వేరుగా ఆమోదం కావాలి. ఏ పరికరం పనిచేయకపోయినా విమానం బయలుదేరవచ్చో, ఎన్ని రోజుల్లోగా దాన్ని సరిచేయాలో చెప్పే ‘కనీస పరికరాల జాబితా’ ప్రతి సంస్థ దగ్గరా ఉంటుంది. ఈ జాబితాలోని గడువును పాటిస్తున్నారా లేదా అన్నది తనిఖీ అధికారులు చూసే ముఖ్యాంశాల్లో ఒకటి.

*సంస్థల ధ్రువీకరణ*

విమానయాన సంస్థ వాణిజ్య సర్వీసు మొదలుపెట్టేముందు ఆపరేటర్ ధ్రువపత్రం పొందాలి. ఆర్థిక స్తోమత, బాధ్యత వహించే అధికారులు, కార్యనిర్వహణ మాన్యువళ్లు, శిక్షణ ఏర్పాట్లు, పరీక్షార్థం నడిపే విమానాలు అన్నిటినీ దశలవారీగా పరిశీలించాకే ఇది లభిస్తుంది.

*విమానాశ్రయాలు*

రన్‌వే పొడవు, చివరి భద్రతా ఖాళీ స్థలం, దీపాలు, అగ్నిమాపక సామర్థ్యం, చుట్టుపక్కల భవనాల ఎత్తు విమానాశ్రయ లైసెన్సు తనిఖీలో భాగం. పక్షులు ఇంజిన్లలో పడే ప్రమాదం ఉన్నందున విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో జంతువధ చేయడం, పక్షులను ఆకర్షించేలా చెత్త పారబోయడం 1937 నిబంధనల్లోని 91వ నిబంధన కింద నిషిద్ధం. ఈ నిబంధన అమలుకు స్థానిక సంస్థల సహకారం తప్పనిసరి.

*గగనతల సేవలు*

దేశ గగనతలాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై సమాచార ప్రాంతాలుగా విభజించారు. హైదరాబాదు చెన్నై ప్రాంతంలో ఉంది. ఇస్రో, ఏఏఐ కలిసి రూపొందించిన ‘గగన్’ ఉపగ్రహ వ్యవస్థ విమానాల స్థానాన్ని మరింత కచ్చితంగా చూపుతుంది. దీని సాయంతో 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుల విమానం ప్రయోగాత్మకంగా దిగింది.

*తనిఖీలు, చర్యలు*

డీజీసీఏ ఏటా నిఘా ప్రణాళిక తయారు చేస్తుంది. సంస్థ మొత్తాన్ని పరిశీలించే ఆడిట్, విమానాలు నిలిపే చోట ఆగి ఉన్న విమానాన్ని చూసే ర్యాంప్ తనిఖీ, కాక్‌పిట్‌లో కూర్చుని ప్రయాణమంతా గమనించే మార్గ తనిఖీ, రాత్రివేళ ఆకస్మిక తనిఖీ ఇందులో ఉంటాయి. బయటపడిన లోపాలను తీవ్రతను బట్టి రెండు స్థాయులుగా వర్గీకరిస్తారు. మొదటి స్థాయి లోపాన్ని వెంటనే సరిచేయాలి. రెండో స్థాయి లోపానికి గడువు ఇస్తారు. హెచ్చరిక, జరిమానా, లైసెన్సు సస్పెన్షన్, ధ్రువపత్రం రద్దు క్రమంగా పెరిగే చర్యలు.

*భద్రతా నిర్వహణ వ్యవస్థ*

ప్రమాదం జరిగాక కారణం వెతకడం పాత పద్ధతి. జరగడానికి ముందే సంకేతాలను పట్టుకోవడం కొత్త పద్ధతి. ఇందుకోసం ప్రతి ప్రయాణంలోని డేటాను విశ్లేషిస్తారు. నేలకు దిగేముందు వేగం ఎక్కువగా ఉందా, రన్‌వేపై ఎంత దూరంలో చక్రాలు తాకాయి వంటి వివరాలు అందులో ఉంటాయి. తమ పొరపాట్లను సిబ్బంది స్వచ్ఛందంగా నివేదించే ఏర్పాటు కూడా ఈ వ్యవస్థలో భాగమే. నిజాయితీగా చెప్పినవారిని శిక్షించరన్న నమ్మకం ఉన్నచోటే ఇది పనిచేస్తుంది.

అంతర్జాతీయ మదింపు

*ఐకావో తనిఖీలు*

సభ్యదేశాల పర్యవేక్షణ సామర్థ్యాన్ని ఐకావో 1999 నుంచి తనిఖీ చేస్తోంది. ఇది విమానయాన సంస్థలకు పెట్టే పరీక్ష కాదు, ప్రభుత్వాలకు పెట్టే పరీక్ష. ప్రాథమిక చట్టం, నిర్దిష్ట నిబంధనలు, ప్రభుత్వ సంస్థాగత వ్యవస్థ, అర్హులైన సాంకేతిక సిబ్బంది, మార్గదర్శకాలు, లైసెన్సింగ్, నిఘా, లోపాల పరిష్కారం అనే ఎనిమిది కీలకాంశాలను పరిశీలిస్తారు. 2022 నవంబరులో జరిగిన తనిఖీలో భారత్‌కు 85.65 శాతం మార్కులు వచ్చాయి. అంతకుముందు అది 69.95 శాతం.

*అమెరికా రేటింగ్*

తమ దేశానికి విమానాలు నడిపే దేశాల పర్యవేక్షణ వ్యవస్థలను అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వేరుగా మదింపు చేస్తుంది. 2014 జనవరి 31న భారత్‌ను మొదటి శ్రేణి నుంచి రెండో శ్రేణికి దించింది. పూర్తికాలపు ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు తగినంత మంది లేకపోవడం ప్రధాన కారణాల్లో ఒకటి. దీంతో భారతీయ సంస్థలు అమెరికాకు కొత్త సర్వీసులు మొదలుపెట్టలేకపోయాయి. కేంద్రం 75 ఇన్‌స్పెక్టర్ పోస్టులను మంజూరు చేసి ఇతర లోపాలను సరిదిద్దాక 2015 ఏప్రిల్‌లో మొదటి శ్రేణి తిరిగి వచ్చింది. 2023లోనూ ఆ శ్రేణి నిలిచింది.

ముఖ్య ప్రమాదాలు, వాటి ఫలితాలు

*బెంగళూరు, 1990 ఫిబ్రవరి 14*

ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొత్తగా కొన్న ఎయిర్‌బస్ ఎ320 రన్‌వేకు ముందే నేలకు తాకి 92 మంది మరణించారు. ఆ రకం విమానాలను కొన్ని నెలలపాటు నిలిపివేశారు. కంప్యూటర్ ఆధారిత కాక్‌పిట్‌కు సరిపడే శిక్షణ గురించి చర్చ మొదలైంది.

*చర్ఖీ దాద్రీ, 1996 నవంబరు 12*

ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ విమానం, ఢిల్లీకి వస్తున్న కజకిస్తాన్ విమానం హర్యానాలోని ఈ పట్టణం సమీపంలో ఆకాశంలోనే ఢీకొన్నాయి. 349 మంది మరణించారు. గగనతలంలో విమానాలు ఢీకొన్న ఘటనల్లో ప్రపంచంలోనే అత్యధిక ప్రాణనష్టం ఇదే. 15,000 అడుగుల ఎత్తులో ఉండవలసిన కజకిస్తాన్ విమానం అంతకన్నా కిందికి దిగింది. అప్పట్లో ఢిల్లీ రాకపోకలకు ఒకే గగనమార్గం ఉండేది. విమానం ఎత్తు చూపే సెకండరీ రాడార్ లేదు. జస్టిస్ ఆర్.సి. లాహోటీ విచారణ తరువాత రాకపోకల మార్గాలను వేరుచేశారు. ఢీకొనే ముప్పును ముందే హెచ్చరించే పరికరం విమానాల్లో తప్పనిసరి అయింది.

*మంగళూరు, 2010 మే 22*

దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండపైన ఉన్న రన్‌వే దాటి లోయలో పడింది. విమానంలోని 166 మందిలో 158 మంది మరణించారు. కెప్టెన్ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయారని, దిగేటప్పుడు విమానం ఉండవలసిన దానికన్నా ఎత్తులో ఉందని, తిరిగి పైకి లేపాలని సహ పైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది. ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే ఆధ్వర్యంలో ఈ విచారణ జరిగింది. స్వతంత్ర దర్యాప్తు సంస్థ ఉండాలన్న సిఫార్సు ఏఏఐబీ ఏర్పాటుకు దారితీసింది.

*కోళికోడ్, 2020 ఆగస్టు 7*

కొవిడ్ సమయంలో ప్రవాసులను స్వదేశానికి తెచ్చే ‘వందే భారత్’ కార్యక్రమంలో భాగంగా వచ్చిన విమానం భారీ వర్షంలో, వెనుక నుంచి గాలి వీస్తుండగా దిగింది. సుమారు 8,860 అడుగుల రన్‌వేపై దాదాపు సగం దాటాక చక్రాలు తాకాయి. విమానం అంచు దాటి పడి 21 మంది మరణించారు. నిర్దేశిత విధానాన్ని పాటించకపోవడం ప్రధాన కారణం కావచ్చని దర్యాప్తు నివేదిక చెప్పింది.

*అహ్మదాబాదు, 2025 జూన్ 12*

లండన్ గాట్విక్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787-8 గాలిలోకి లేచిన కొద్ది క్షణాలకే వైద్య కళాశాల హాస్టల్ భవనంపై కూలింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. నేలపై ఉన్నవారితో కలిపి 260 మంది మరణించారు. టేకాఫ్ అయిన వెంటనే రెండు ఇంజిన్ల ఇంధన స్విచ్‌లు ఆఫ్ స్థితిలోకి మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగగా తాను ఆపలేదని రెండో పైలట్ బదులిచ్చారని 2025 జులైలో వెలువడిన ప్రాథమిక నివేదిక నమోదు చేసింది. స్విచ్‌లు ఎందుకు మారాయన్నది ఆ నివేదిక తేల్చలేదు.

*హెలికాప్టర్ ప్రమాదాలు*

చిన్న విమానాలు, హెలికాప్టర్లు చాలాచోట్ల రాడార్ సాయం లేకుండా, కొండలు, మబ్బుల మధ్య ఎగరవలసి వస్తుంది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు సమీపంలో, 2009 సెప్టెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి మరో నలుగురితో పాటు నల్లమలలో హెలికాప్టర్లు కూలి మరణించారు. 2025 జూన్ 15న కేదార్‌నాథ్ మార్గంలో యాత్రికుల హెలికాప్టర్ కూలి ఏడుగురు మరణించారు. తరువాత ఆ మార్గంలో సర్వీసులను తాత్కాలికంగా నిలిపివేశారు.

ప్రమాద దర్యాప్తు

షికాగో ఒప్పందం 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని నివారించడమే. ఎవరిది తప్పో తేల్చి శిక్షించడం దాని పని కాదు. ప్రమాదం జరిగిన దేశం దర్యాప్తు నడుపుతుంది. విమానాన్ని తయారు చేసిన దేశం, రిజిస్టర్ చేసిన దేశం ప్రతినిధులను పంపవచ్చు. 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైనంతవరకు 12 నెలల్లో తుది నివేదిక రావాలి. బ్లాక్‌బాక్స్‌లో విమాన డేటా, కాక్‌పిట్ సంభాషణలు నమోదవుతాయి. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ఏఏఐబీ కార్యాలయంలో బ్లాక్‌బాక్స్ ప్రయోగశాల ప్రారంభమైంది. రెండు నెలలకే జరిగిన అహ్మదాబాదు ప్రమాదంలో విమానం ముందుభాగంలోని బ్లాక్‌బాక్స్ డేటాను అక్కడే వెలికితీశారు.

సమస్యలు, చర్చలు

*సిబ్బంది కొరత*

డీజీసీఏలో మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయ్యాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. అనుభవం ఉన్న పైలట్లకు, ఇంజినీర్లకు విమానయాన సంస్థలిచ్చే జీతాలు ప్రభుత్వ వేతనాలకన్నా చాలా ఎక్కువ కావడం దీనికి ముఖ్య కారణం. గగనతల నియంత్రకుల కొరత గురించి కూడా ఆ సంఘం ఆందోళన వ్యక్తం చేసింది.

*స్వయంప్రతిపత్తి*

డీజీసీఏ, ఏఏఐబీ రెండూ పౌర విమానయాన మంత్రిత్వశాఖ కిందే ఉన్నాయి. రంగాన్ని పెంచే బాధ్యత, నియంత్రించే బాధ్యత, దర్యాప్తు బాధ్యత ఒకే శాఖ నీడలో ఉండటం సరికాదని విమర్శకులు అంటారు. పార్లమెంటుకు జవాబుదారీగా ఉండే వ్యవస్థలో మంత్రిత్వశాఖ పాత్ర అవసరమన్నది ఇంకో వాదన. డీజీసీఏ స్థానంలో ఆర్థిక, పాలనా స్వేచ్ఛ గల సంస్థ కోసం 2013లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు ఆమోదం పొందకుండానే మురిగిపోయింది.

*అలసట నిబంధనలు*

మంగళూరు ప్రమాదం తరువాత పైలట్ల అలసట ప్రముఖ చర్చాంశమైంది. 2024 జనవరిలో ప్రకటించిన కొత్త నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచాయి. రాత్రి ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. సంస్థల అభ్యంతరాలు, ఢిల్లీ హైకోర్టులో విచారణల తరువాత 2025 జులై, నవంబరు నెలల్లో రెండు దశలుగా అమల్లోకి వచ్చాయి. 2025 డిసెంబరు తొలి వారంలో ఇండిగో తగినంత మంది పైలట్లను సమకూర్చుకోలేక వేల విమానాలు రద్దు చేసింది. డీజీసీఏ ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక సడలింపు ఇచ్చింది. ప్రయాణికుల ఇబ్బందులు తగ్గించడానికి అది తప్పలేదని ప్రభుత్వం పేర్కొంది. భద్రతా నిబంధనను సడలించడం సరికాదని పైలట్ల సంఘాలు అభ్యంతరం తెలిపాయి.

*భౌగోళిక పరిమితులు*

కొండలను చదును చేసి నిర్మించిన రన్‌వేలు, నగరాల నడుమ చిక్కుకున్న పాత విమానాశ్రయాలు, వైమానికదళంతో పంచుకునే గగనతలం, ఉత్తరాదిలో చలికాలపు పొగమంచు, వర్షాకాలపు తుఫాను గాలులు పర్యవేక్షణను కష్టతరం చేసే అంశాలు.

ప్రాధాన్యం

విమానయానం రోగులను, అవయవాలను, మందులను, పాడైపోయే పంటను వేగంగా చేరవేస్తుంది. మారుమూల ప్రాంతాలను నగరాలకు దగ్గర చేస్తుంది. పర్యవేక్షణ బలహీనమైతే ఆ నష్టం ఒక సంస్థతో ఆగదు. 2014లో రేటింగ్ తగ్గినప్పుడు దేశంలోని అన్ని సంస్థల అమెరికా విస్తరణ ఒకేసారి ఆగిపోయింది.

భారతదేశంలో ఇప్పటివరకు వచ్చిన ప్రధాన భద్రతా సంస్కరణలను వరుసలో పెట్టి చూస్తే వాటిలో చాలావాటికి ముందు ఒక దుర్ఘటన కనిపిస్తుంది. బీసీఏఎస్‌ను వేరుచేయడానికి ముందు కనిష్క, ఢీకొనే ముప్పు హెచ్చరిక పరికరానికి ముందు చర్ఖీ దాద్రీ, ఏఏఐబీకి ముందు మంగళూరు ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ పోస్టుల పెంపు మాత్రం ప్రమాదం వల్ల కాక ఒక తనిఖీ ఫలితం వల్ల జరిగింది. ఐకావో పరిశీలించే ఎనిమిది కీలకాంశాల్లో నాలుగోది అర్హులైన సాంకేతిక సిబ్బంది. 2014లో అమెరికా రేటింగ్ తగ్గడానికీ, 2025లో పార్లమెంటరీ సంఘం ఆందోళనకూ కారణమైన లోటు అదే అంశంలో ఉంది.